మునిరత్నం మామకు నేనమ్మిన స్పీడు ఫోను

2024 వేసవి. సత్యవేడు బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల కొట్టు పెట్టి నాకు అప్పటికి పదకొండేళ్లు. మెట్లెక్కే మనిషి కాళ్ల చెప్పులు చూసి ఏ ఫోను కొంటాడో చెప్పగలనని గొప్పలు పోయే రోజులవి. ఆ గొప్ప ఎట్లా అణిగిందో చెప్పడానికి ఇప్పటికీ నోరు రాదు. అయినా చెబుతాను.

మునిరత్నం మామ మాకు చుట్టమేమీ కాదు. ఊళ్లో అందరికీ మామే. తమిళనాడు సరిహద్దు పక్క పల్లెలో రెండెకరాల్లో పుచ్చకాయ వేసి, అడవి పందుల భయానికి రాత్రీ పగలూ చేన్లోనే కావలి ఉండేవాడు. ఆ రోజు వస్తూనే పాత బటన్ ఫోను కౌంటర్ మీద పెట్టాడు.

"అప్పా, మొగం కనపడే ఫోను ఒకటి కావాల. రెండు దినాలు ఆరిపోకూడదు. అంతే."

"బటన్ ఫోను బాగానే ఉండాది గదా మామా, ఇప్పుడెందుకు?" అన్నాను.

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "మా అన్న మద్రాసులో ఆస్పత్రిలో పడుండాడు. ఊపిరి ఆడ్డంలేదంట. మాట్లాడే సత్తువ వచ్చినప్పుడు నాయనే చేస్తాడు, నీ మొగం సూడాలంటాండాడని వాడి కొడుకు సెప్పినాడు. ఎప్పుడు చేస్తాడో తెలీదు. చేన్లో సార్జింగుకు కరెంటు యాడుండాది? రెండు దినాలకొకతూరి ఇంటికి పోతా."

బావి నీళ్ల వంతు దగ్గర అన్నదమ్ములు మాటా మాటా అనుకుని తొమ్మిదేళ్లు. అన్న వాకిట్లో నిలబడి "నా గడప తొక్కొద్దు" అన్నాడట.

"పోయి సూసి రారాదా మామా? ఎంత దూరం మద్రాసు!"

"రావద్దన్నోడు రమ్మనల్లా గదప్పా. వాడు నోటితో ఒక మాట అంటే ఆ బస్సుకే పోతా."

అప్పుడు నా దగ్గర ఆయన చేతిలో ఉన్న డబ్బుకు సరిపోయేవి రెండు ఫోన్లుండేవి. ఒకదాంట్లో బ్యాటరీ ఆరు వేల ఎంఏహెచ్. ఎంఏహెచ్ అంటే బ్యాటరీ ఎంత కరెంటు పట్టుకుంటుందో చెప్పే కొలత, నీళ్ల తొట్టికి లీటర్ల లాగా. ఆ ఫోను మందంగా, బరువుగా ఉంటుంది. లోపలి ప్రాసెసర్, అంటే పనంతా చేసే చిప్పు, కాస్త నెమ్మది. రెండోదాంట్లో బ్యాటరీ ఐదు వేలు. చిప్పు మాత్రం గుర్రం. 5జి ఉంది, తెర మీద వేలు పెడితే జారిపోతుంది.

నాకు స్పీడు పిచ్చి. బరువు ఫోన్లో వీడియో పెట్టి చూపిస్తే ఒక క్షణం ఆగి కదిలింది. రెండోదాంట్లో చూపిస్తే అద్దంలో చూసినట్టు వచ్చింది. "అన్న మొగం ఇట్లా కనపడాలా, అట్లా కనపడాలా మామా?" అని అడిగాను. ఆ మాట అడిగినందుకు నన్ను నేను ఎన్నిసార్లు తిట్టుకున్నానో.

"సార్జింగు నిలస్తాదా?" అని ఆయన మళ్లీ అడిగాడు.

"సూడు, పొద్దున్నుంచి ఆడతానే ఉండాది, తొంభై తొమ్మిది!"

మా కొట్లలో డెమో ఫోను, అంటే చూపించడానికి పెట్టిన ఫోను, దొంగలెత్తుకుపోకుండా తీగతో కట్టి ఉంటుంది. ఆ తీగలోనే ఛార్జింగ్ కూడా వస్తూ ఉంటుంది. కౌంటర్ మీద ఏ ఫోనూ ఎప్పుడూ ఆరిపోదు. పదకొండేళ్లుగా ఆ తీగకట్టిన ఫోన్లనే చూస్తూ నాకు కరెంటు లేని చేను ఎట్లా ఉంటుందో గుర్తే లేకుండా పోయింది.

ఇంకో సంగతి కూడా నాకు తెలుసు. ఆ పల్లెల్లో ఈ గట్టున ఆంధ్ర టవరు పడితే ఆ గట్టున తమిళనాడు టవరు పడుతుంది. 5జి ఫోను సిగ్నల్ వెతుక్కుంటూ, ఊరికే కూర్చున్నా బ్యాటరీ తాగేస్తుంది. వారానికి ఒకరైనా వచ్చి నాతో ఆ గోడు చెప్పుకునేవారు. తెలిసీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, ఆ క్షణానికి గుర్తు రాలేదు. నిజం అదే. సిమ్ మార్చి, పాత ఫోన్లోని బ్యాటరీ తీసి విడిగా ఆయన సంచిలో వేసి, "ఇంక దీంతో పనిలేదు మామా" అని కూడా అన్నాను.

రెండు వారాల తర్వాత ఆయన వచ్చాడు. మొహం చూసి లేచి నిలబడ్డాను.

"అన్న పోయినాడప్పా" అన్నాడు. గొంతులో కోపం లేదు. కోపముంటే నాకు బాగుండేది.

ఫోను కొని చేన్లోకి పోయిన రెండో రోజు మధ్యాహ్నానికే ఆరిపోయిందట. పొద్దుగూకినాక ఇంటికెళ్లి ఛార్జింగ్ పెడితే, మొదట వచ్చింది అన్న కొడుకు ఫోను. అప్పటికే అంతా అయిపోయింది. పిలుపు కోసం కాచుకున్న మనిషి చావుకు వెళ్లి వచ్చాడు.

"దీంట్లో ఏందో ఇంగిలీసులో వచ్చుండాది. ఎవరినీ అడగబుద్ధి కాలా. నువ్వు సదువు."

ఫోను ఆగి ఉన్నప్పుడు ఎవరైనా చేస్తే, మళ్లీ వెలగగానే సిమ్ కంపెనీవాళ్లు పంపే మెసేజి అది. అన్న నంబరు. వీడియో తగలక మామూలు కాల్ చేసినట్టుంది. ఎన్నిసార్లు చేశారో, చివరిసారి ఎన్నింటికో ఉంది. ఒక్కసారేనని అబద్ధం చెబుదామా అనిపించింది. నా తప్పు కాస్త చిన్నదవుతుందని ఆశ. ఆయన నా పెదాలకేసి చూస్తున్నాడు.

"ఐదు తూర్లు చేసినాడు మామా. కడాన మూడున్నరకి."

"ఐదు తూర్లు పిలిచినాడా మా అన్న!" అని కౌంటర్ మీద తల పెట్టుకున్నాడు.

నాకు ఏడుపొచ్చింది. బరువు ఫోను తీసి ముందు పెట్టి, "ఇది తీసుకో మామా, అది నాకిచ్చేయి. తప్పు నాది" అన్నాను.

ఆయన ఆ స్పీడు ఫోను గబుక్కున చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు. "వద్దప్పా. వాడు పిలిచినాడనే మాట దీంట్లోనే గదా ఉండాది. అది పోకుండా సూడు, సాలు."

ఇప్పుడు నా కొట్లో ఫోను చూపించే ముందు తీగ ఊడదీస్తాను. ధరా రంగూ అడగకముందే, పగలంతా మీరు యాడుంటారు, ఆడ కరెంటు ఉండాదా అని అడుగుతాను. ఆయన వచ్చిన రోజున ఆ రెండింటికీ నేనడక్కుండానే జవాబు చెప్పాడు. మునిరత్నం మామ నెలకోసారి వస్తాడు. నేను ఫోను తెరిచి, ఆ మెసేజి ఇంకా ఉందని చూపిస్తాను. చూసుకుని వెళ్లిపోతాడు.