అవాలి మైదానంలో అల్లుడుగారికి జరిగిన మర్యాద

ఈ అవాలి ప్రయాణానికి కారణం ఒక ప్యాంటు. తొంభై మూడు నవంబరులో మా అమ్మాయి సరోజ దగ్గర రెండు నెలలు ఉండి రావడానికి బహ్రెయిన్ వెళ్లాను. సరోజ సల్మానియాలో పెద్దాసుపత్రి ల్యాబులో పని చేస్తుంది. ఆసుపత్రికి నడిచి వెళ్లేంత దగ్గరలోనే వాళ్ల ఫ్లాటు. అల్లుడు రామ్మోహన్‌గారు చమురు కంపెనీలో మీటర్లూ గేజీలూ బాగుచేసే టెక్నీషియను. వెళ్లిన మొదటి వారంలోనే, ఉతకడానికి తీసిన బట్టల్లో ఆయన తెల్ల ప్యాంటు ఒకటి కనిపించింది. రెండు మోకాళ్ల దగ్గరా నల్లటి మరకలు. వంటసోడాతో, నిమ్మకాయతో, చివరికి కిరసనాయిలుతో కూడా రుద్దాను, వదల్లేదు. డ్యూటీ బట్టలు నీలం రంగువి, అవి వేరే ఉన్నాయి. మరి ఇదేమిటని అడిగితే సరోజ కాసేపు నసిగి, "శుక్రవారాలు అవాలిలో బేస్‌బాల్ ఆడతారమ్మా," అంది.

నేను నమ్మలేదు. మా అల్లుడుగారి సంగతి తెలిసినవాళ్లెవరూ నమ్మరు. పెళ్లయి తొమ్మిదేళ్లయినా ఆయన నా ఎదుట కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చోలేదు. నేను వడ్డించింది వడ్డించినట్టు తిని, "బాగుందండీ" అని లేస్తారు. చారుకైనా, పాయసానికైనా అదే మాట, అదే గొంతు. ఆయనకు ఏ కూర ఇష్టమో ఈనాటికీ నాకు తెలియదు. అలాంటి మనిషి మోకాళ్ల మీద మట్టి పూసుకుని ఆటలాడతారా? నేనూ చూడ్డానికి వస్తానన్నాను. సరోజ కంగారు పడింది. "వద్దమ్మా. నిన్ను తీసుకురావద్దన్నారు." ఎందుకని గట్టిగా అడిగితే అసలు విషయం చెప్పింది. పోయిన మూడు ఆటల్లోనూ ఆయన ఒక్క బంతి కూడా కొట్టలేదట. ఈ శుక్రవారం కూడా కొట్టకపోతే జట్టులోంచి తీసేస్తానని కెప్టెన్ చెప్పేశాడట. "ఆయనకి ఇక్కడ ఉన్న సరదా అదొక్కటేనమ్మా. అదీ పోతే డ్యూటీ, ఇల్లు, టీవీ," అంది. అయితే తప్పకుండా వెళ్లాలి, పెద్దవాళ్లు ఎదురుగా ఉంటే ధైర్యంగా ఉంటుంది అన్నాను. అప్పుడు నేననుకున్నది అదే.

ఆ శుక్రవారం అల్లుడుగారు సాధన కోసం పొద్దున్నే తమ కారులో వెళ్లిపోయారు. నేను, సరోజ, ఎనిమిదేళ్ల మనవరాలు స్వాతి పదకొండున్నరకు ఖాదర్ కారులో బయలుదేరాం. ఖాదర్‌ది జగిత్యాల. వారమంతా తన కఫీల్‌కు, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న అరబ్బు యజమానికి, కారు నడుపుతాడు. శుక్రవారం ఆ యజమాని అనుమతితో తెలిసినవాళ్లను తిప్పుతాడు. వెళ్లిరావడానికీ మధ్యలో ఆగడానికీ కలిపి అయిదు దినార్లకు ఒప్పుకున్నాడు. అప్పట్లో దినారు అంటే మన ఎనభై రూపాయల పైమాట, కాబట్టి ముందే మాట్లాడుకోవడం మంచిది. సల్మానియా నుంచి ఈసా టౌన్ మీదుగా రిఫా, అక్కడి నుంచి దక్షిణంగా అవాలి. మధ్యలో ఆగకపోతే అరగంట దారి. మేం రిఫాలో ఒక మలయాళీ హోటలు ముందు ఆగి టీ తాగాం, కప్పు వంద ఫిల్సులు, అంటే దినారులో పదో వంతు. టీ చిక్కగా, పంచదార రెండింతలుగా ఉంది.

"ఆట చూడనీకి పోతున్నరా అమ్మా? నేను శానసార్లు దింపిన అక్కడ మందిని," అన్నాడు ఖాదర్. "పీర్ల పండుగ లెక్కనే ఉంటది. ఆడేటోళ్లకన్న చూసేటోళ్ల లొల్లే ఎక్కువ. మీ అల్లుడు సాబ్ మంచిగ ఆడుతడా?"

సరోజ కిటికీలోంచి బయటికి చూసింది. "మా నాన్న అస్సలు కొట్టలేడు," అని స్వాతి చెప్పేసింది.

రిఫా దాటాక ఊళ్లు అయిపోయి ఎడారి మొదలవుతుంది. రోడ్డు పక్కనే లావుపాటి గొట్టాలు మనతోపాటు పరిగెత్తుతుంటాయి. దూరంగా ఇనుప పంపులు తలలు వంచి లేపుతూ నేలలోంచి చమురు తోడుతుంటాయి. అంతలో ఉన్నట్టుండి చెట్లు, గడ్డి, ఒకే వరుసలో పొట్టి పొట్టి బంగళాలు వస్తాయి. పంతొమ్మిది వందల ముప్పైల్లో కంపెనీ వాళ్లు తమ ఉద్యోగుల కోసం కట్టుకున్న ఊరు అది. మైదానం దగ్గర దిగగానే ప్యాంటు మరకల సంగతి తెలిసింది. ఇసుక లేవకుండా నేల మీద నల్లటి నూనె చల్లి తొక్కించారు. మైదానంలో నాలుగు మూలలుంటాయి. బంతి విసిరితే గుండ్రటి కర్రతో కొట్టి, ఎదుటివాళ్లు దాన్ని పట్టి తెచ్చేలోపు ఆ మూలలు చుట్టి రావాలి. పట్టుబడకుండా మూలకు చేరడానికి చివర్లో నేల మీద పడి జారతారు. మూడు బంతులు తప్పితే ఔట్. క్రికెట్ తెలిసినవారికి అర్థం కావడానికి పది నిమిషాలు చాలు. అల్లుడుగారి జట్టులో అమెరికా వాళ్లు, ఫిలిప్పీన్స్ వాళ్లు, ఒక గోవా అబ్బాయి ఉన్నారు. ఎదుటి జట్టు వేరే కంపెనీది.

చూసేవాళ్లు, సరోజ ఆసుపత్రి నర్సులతో కలిపి, అరవై మంది దాకా ఉంటారు. కెప్టెన్ భార్య డోరిస్ అనే భారీ మనిషి నన్ను చూడగానే లేచి వచ్చింది. చేయి పట్టుకుని మొదటి వరుసలో సరిగ్గా మధ్యన కూర్చోబెట్టి, కింద మెత్త వేసి, నిమ్మరసం తెచ్చి ఇచ్చింది. పెద్దవాళ్లంటే గౌరవం ఉందని సంతోషించాను. ఆ సంతోషం పావుగంట ఉంది. ముందు ఆమె భర్తే కొట్టడానికి వచ్చి మూడు బంతులూ వదిలేశాడు. వెంటనే డోరిస్ లేచి, "నీ కళ్లద్దాలు నా సంచిలో ఉన్నాయా ఏమిటి, ముసలాడా?" అని ఇంగ్లీషులో అరిచి, నోటి చుట్టూ చేతులు పెట్టుకుని రంకె వేసినట్టు "బూ" అని లాగింది. ఆ వెంటనే అరవై మందీ అందుకున్నారు. నర్సులు బిస్కెట్ డబ్బాలు వాయించారు. కట్టుకున్న భర్త, పైగా జట్టుకు పెద్ద, తలదించుకుని రావాల్సింది పోయి నవ్వుకుంటూ వచ్చి కూర్చున్నాడు. నేను నిమ్మరసం గ్లాసు కింద పెట్టేశాను.

"ఇక్కడ పద్ధతి అంతేనమ్మా," అంది సరోజ గుసగుసగా. "ఎవరి మనిషిని వాళ్లే ముందు ఎగతాళి చెయ్యాలి. ఇంటివాళ్లు మొదలుపెడితేనే మిగతావాళ్లు అరవొచ్చు. ఇంటివాళ్లు ఊరుకుంటే పరాయివాళ్లు నోరెత్తకూడదు."

"ఇదొక పద్ధతా?" అన్నాను.

కాసేపటికి అల్లుడుగారు వచ్చారు. నాలుగడుగులు వేసి ఎదురుగా నన్ను చూశారు. అక్కడికక్కడే ఆగి, కర్ర చంకలో పెట్టుకుని, రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టారు. బంతి విసిరేవాడు ఆగిపోయి చూస్తున్నాడు. తర్వాత మూడు బంతులు వచ్చాయి, మూడూ వెళ్లిపోయాయి. నా పక్కనుంచి ఒక కేక లేచింది: "ఏవండీ! అది బ్యాటు, దోసెల గరిటె కాదు!" సరోజే. నా కూతురు. నేను పెంచిన కూతురు. లేచి నిలబడి కట్టుకున్నవాణ్ని "బూ" అంటోంది. స్వాతి బెంచీ ఎక్కి గంతులేస్తూ తండ్రిని "బూ" అంటోంది. వెనక మైదానమంతా ఒకటే గోల. ముప్పయ్యేళ్లు లెక్కల పాఠాలు చెప్పాను. లెక్క తప్పిన పిల్లను చూసి క్లాసులో ఎవరైనా కిసుక్కుమంటే గంట నిలబెట్టేదాన్ని. సరోజ కొంగు పట్టి ఒక్క గుంజు గుంజాను. "కూర్చో! సిగ్గులేదూ? అల్లుడుగారిని నలుగురిలో, అదీ నా ముందా?" తల్లీ కూతుళ్లిద్దరూ బల్లకు అతుక్కున్నట్టు కూర్చున్నారు.

రెండోసారి ఆయన వచ్చారు. నా వైపు చూశారు, చొక్కా సర్దుకున్నారు. మళ్లీ మూడు బంతులూ తప్పాయి. సరోజ కిక్కురుమనలేదు, స్వాతి నోటిని చేత్తో మూసింది. ఇంటివాళ్లు మొదలుపెట్టలేదు కాబట్టి ఇంకెవరూ అరవలేదు. అంతమంది ఉన్న మైదానంలో జెండా గుడ్డ కొట్టుకోవడం వినిపించింది. ఇదీ మర్యాద అనుకున్నాను. కానీ ఆయన వెనక్కి నడిచిన తీరు చూస్తే ఆ తృప్తి నిలవలేదు. మొహంలో రక్తం లేదు. డోరిస్ వంగి, "ఇంట్లో ఎవరికైనా బాగాలేదా? ఊరి నుంచి ఏమైనా కబురా?" అని మెల్లగా అడిగింది. ఒక నర్సు వచ్చి సరోజ భుజం నిమిరింది. ఆ వరసంతా పరామర్శకు వచ్చినవాళ్లలా చూస్తున్నారు.

"చూశావా అమ్మా, ఆయన పని అయిపోయిందనుకుంటున్నారు," అంది సరోజ. కళ్లలో నీళ్లు తిరిగాయి. "అరిస్తే ఆయనకేం కాదు. నువ్వు ఎదురుగా కూర్చుని అలా చూస్తుంటేనే చేతులు ఆడట్లేదు."

"ఎలా చూస్తున్నాను?"

"పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు చూసినట్టు."

ఆయనకు ఇంక ఒక్క అవకాశమే మిగిలిందట. నేను లేచాను. "మంచినీళ్ల సీసా కారులో మర్చిపోయాను. నేను లేనప్పుడు మీరేం చేసుకుంటారో నాకు తెలియదు, నేను వినను," అని చెప్పి వచ్చేశాను.

కారు బెంచీల వెనక చెట్టు కింద ఉంది. ఖాదర్ బానెట్ మీద కాగితం పరుచుకుని పల్లీలు తింటున్నాడు. రెండు బెంచీల మధ్య సందులోంచి, కొట్టేవాడు నిలబడే చోటు బాగానే కనిపిస్తోంది. "ఏందమ్మా, లేసొచ్చిన్రు? ఎండ కొడుతుందా?" అన్నాడు. మాట్లాడవద్దని సైగ చేశాను. అల్లుడుగారు వచ్చారు. ఖాళీగా ఉన్న నా మెత్త వైపు చూశారు, ఇటూ అటూ వెతికారు. మొదటి బంతి తప్పింది. సరోజ గొంతు లేచింది, ఈసారి ముందుకంటే గట్టిగా: "మా వీధి కుళాయి దగ్గర బిందెలు తిప్పే ఆడవాళ్లు నయం!" వెంటనే డబ్బాలు, ఈలలు, అరవై గొంతుల "బూ".

అప్పుడు జరిగింది చూసి నేను కారు తలుపు పట్టుకున్నాను. మా అల్లుడుగారు మైదానం మధ్యలో ఇటు తిరిగి, టోపీ తీసి, నాటకంలో రాజులా నడుం వంచి వందనం చేశారు. కర్ర ముందుకు చాచి, "రావే, నువ్వే కొట్టు! వంట నేను చేస్తా!" అని అరిచారు. అదే మళ్లీ ఇంగ్లీషులో అందరికీ అరిచారు. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆయనకు అంత గొంతు ఉందని నాకు తెలియదు. రెండో బంతీ తప్పింది. గోల రెట్టింపయింది. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "వినపడటం లేదు, ఇంకా గట్టిగా!" అన్నారు. మూడో బంతి కొట్టారు. పెద్ద దెబ్బేం కాదు. ఇద్దరి మధ్యలోంచి దొర్లుకుంటూ పోయింది. ఆయన పరిగెత్తారు, మొదటి మూల దాటారు, రెండో మూల దగ్గర మోకాళ్ల మీద పడి జారిపోయారు.

"అరె వాహ్! దొరకలే అమ్మా, దొరకలే! మీ అల్లుడు బతికిండు!" అని ఖాదర్ గంతేస్తే పల్లీలన్నీ నేలపాలయ్యాయి.

ఆ రోజు వాళ్ల జట్టు ఓడిపోయింది. అయినా కెప్టెన్ వచ్చి, "వచ్చే శుక్రవారం ఆలస్యం చెయ్యకు," అని ఆయన వీపు మీద చరిచి వెళ్లాడని సరోజ చెప్పింది. తిరుగుదారిలో జరిగిందంతా విని ఖాదర్ చాలాసేపు నవ్వాడు. "మా అత్త గూడ గిట్ల టైముకు లేసిపోతే, నేను ఈపాటికి కఫీల్ అయ్యేటోణ్ణి అమ్మా."

ఆ రాత్రి బెండకాయ పులుసు చేశాను. అల్లుడుగారు యథాప్రకారం తలదించుకుని పీట చివర కూర్చున్నారు. "మధ్యలో ఎక్కడికి వెళ్లారండీ?" అన్నారు మెల్లగా. "కారు దగ్గరే ఉన్నాను. అంతా కనిపించింది, వినిపించింది కూడా," అన్నాను. ఆయన చేతిలో ముద్ద ఆగిపోయింది. "వంట మీరు చేస్తారటగా. గరిటె అక్కడుంది," అన్నాను. నేను నవ్వలేదు, నాకు అలవాటు లేదు. సరోజ మాత్రం పక్కకు తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన సరోజను చూశారు, నన్ను చూశారు, ముద్ద కంచంలో పెట్టేశారు.

"అయితే ఒక్క మాట చెప్పొచ్చాండీ, అత్తయ్యగారూ? పులుసులో ఉప్పు లేదండీ."

రుచి చూశాను. నిజంగానే లేదు, చిటికెడు కూడా. "ఇంతకుముందెప్పుడైనా ఇలా జరిగిందా?" అని అడిగాను. ఆయన, "ఉప్పు కాదండీ. మీ వంకాయ కూర... కారం ఎక్కువండీ. పెళ్లయినప్పటి నుంచీ," అన్నారు. వంటింట్లో ఆ నిశ్శబ్దం మధ్యాహ్నం మైదానంలో ఉన్నటువంటిదే. సరోజ నా మొహంలోకి చూసి, "ఇంటిదాన్ని నేనే కదమ్మా. మొదలుపెట్టనా?" అంది. నేను ఔననలేదు, కాదనీ అనలేదు. స్వాతి ఆగలేదు.

పదిమందిలో మనిషిని గేలి చేయడం తప్పనే నేను ఈనాటికీ అంటాను. ఆ మైదానంలో నేను నోరు తెరవలేదు, ఇంకోసారి వెళ్లినా తెరవను. కానీ తొమ్మిదేళ్లుగా నేను చూపించిన మర్యాద కింద ఆ మనిషి అంత బిగుసుకుపోయి ఉన్నాడని, అరవై మంది "బూ" అంటే తప్ప ఆ బిగువు సడలలేదని చూశాక, చాలా రోజులు మనసు కుదుటపడలేదు. బహ్రెయిన్‌లో ఉన్న మిగతా రోజులు వంకాయ కూరలో కారం సగానికి తగ్గించి వేశాను. ఆయన మళ్లీ వడ్డించమని అడిగి తిన్నారు. ఇష్టమైన కూర అదేనట.

అవాలిలో ఆట చూడ్డానికి వెళ్లేవారికి ఒక సలహా: మీ మనిషి ఆడుతుంటే ఎవరెంత మర్యాద చేసినా మొదటి వరుసలో మధ్యన కూర్చోకండి. ఎడమ చేతి వైపు చివరి బెంచీ వెనక చెట్టు నీడ ఉంటుంది, అక్కడి నుంచి అంతా కనిపిస్తుంది, మీరు మాత్రం కనిపించరు.