మామ చేసిన ఫోన్ స్టాండు

అయితే ఏంటట? బరువుగా ఉంటే ఏంటట? నా రూమ్మేట్ నిన్న మళ్లీ అదే మొదలుపెట్టింది. టేబుల్ తుడుద్దామని నా ఫోన్ స్టాండును ఒంటి చేత్తో ఎత్తబోయి, ఎత్తలేక, "దీన్ని ఏ కోట గోడలోంచి పీక్కొచ్చావే" అంది. అన్నం చల్లారిపోయేదాకా దాంతో వాదించాను. ఇంకా కోపం తగ్గలేదు కాబట్టి మిగతాది మీతో వాదిస్తాను. కాకపోతే ఒక మాట ముందే చెప్పేస్తున్నా, తర్వాత పట్టుకున్నామని సంబరపడకండి. ఆ రోజుల్లో (నిజాం కాలమేమీ కాదు, మూడు ఫోన్ల కిందటి మాట) ఇదే స్టాండును ఇంతకంటే ఘోరంగా తిట్టింది నేనే.

అప్పుడు నాకు బీదర్‌లో మొదటి ఉద్యోగం. హైదరాబాద్‌లో పుట్టి పెరిగినదాన్ని, ఒంటరిగా ఉంటానంటే అమ్మ ఒప్పుకోక తన అన్న ఇంట్లో దింపింది. మామ గాంధీ గంజ్ ధాన్యం బజారులో ఒక సేఠు దగ్గర, ఉద్యోగమంతా బస్తాలు తూచే కాటా పక్కనే నిలబడి చేసిన మనిషి. కందులు, సోయాబీన్, సెనగలు, ఏదైనా సరే, బస్తాను మోకాలితో ఒక్కసారి నెట్టి చూసి సరుకు మంచిదో కాదో చెప్పేసేవాడట (చెప్పింది ఆయనే కాబట్టి సగం నమ్మండి). రిటైరయ్యాక ఇంట్లో ఏం తోచక వడ్రంగం నేర్చుకుంటానన్నాడు. వీడియోలు వెతికి ఇచ్చింది నేను. అందుకని అత్తమ్మ తిట్టిన ప్రతిసారీ అందులో నాకూ వాటా ఉండేది.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, మామ చేతులు కర్ర మీదకు వచ్చాయి గానీ మనసు మాత్రం కాటా దిగలేదు. వస్తువు మంచిదైతే బరువుండి తీరాలి. వేపకర్ర తేలిగ్గా ఉందని పక్కన పడేసి, కుశనూర్ నుంచి నల్లతుమ్మ మొద్దులు తెప్పించాడు. మొదట పీట చేశాడు. అత్తమ్మ దాన్ని వంటింట్లోకి తెచ్చుకోలేక, కూరగాయలే వరండాలోకి మోసుకెళ్లి దానిమీద కూర్చుని తరిగేది. తర్వాత చెప్పుల స్టాండు చేశాడు. అది ఎక్కడ పుట్టిందో అక్కడే స్థిరపడింది, మా చెప్పులే దాన్ని వెతుక్కుంటూ వెళ్లేవి. ఇల్లంతా రంపప్పొట్టు. నేను ఆఫీసు కాల్‌లో ఉండగా బయట చెక్కను నునుపు చేసే రందా సర్రుసర్రుమంటుంటే, మా మేనేజరు మీ ఇంట్లో పెద్దవాళ్లకు బాగా గురక అనుకుంటా, డాక్టరుకు చూపించండి అన్నాడు.

చివరికి అత్తమ్మ తీర్పు చెప్పింది. "దసర దాకా చూస్త. బయటోడు ఎవడన్న నువ్వు చేసిన సామాను ఒక్కటి అడిగి తీస్కపోయి వాడిండా, సరే. లేకుంటె ఆయుధ పూజ నాడు నీ రంపానికి బొట్టు వెట్టి, తెల్లారి పాత సామానోనికి ఇచ్చేస్త." మామ సరేనన్నాడు. కానీ ఆ పూట రెండో జొన్నరొట్టె ముట్టలేదు. మామ రొట్టె వద్దనడం ఆ ఇంట్లో అంతకుముందు ఎవరూ చూడలేదు.

అలాంటి రోజుల్లో ఆయన నాకోసం ఒకటి చేశాడు. నేను ఫోన్ చూడకుండా ముద్ద మింగలేనని ఆయనకు తెలుసు. ఉప్పు డబ్బాకు ఆనించి పెట్టుకునేదాన్ని. అది ఒకరోజు జారి పప్పులో పడింది. అత్తమ్మ నవ్వింది, మామ మాత్రం నవ్వలేదు, వెళ్లి ఒక మొద్దు తీసుకున్నాడు. ఫోన్ కూర్చునే గాడి, చార్జరు వైరు పోయే రంధ్రం, అంచులు వేలికి గుచ్చుకోకుండా నున్నగా, అన్నీ ఉన్నాయి. రెండు చేతులతో అందుకుని, మొహమాటానికి ఆఫీసుకు తీసుకెళ్లాను. బస్టాండు ముందు, ఊరంతా చూస్తుండగా, నా బ్యాగు పట్టీ పుటుక్కున తెగింది. లంచ్ డబ్బా ఒకవైపు, నేను ఒకవైపు. స్టాండు మాత్రం పడ్డచోటే బుద్ధిగా కూర్చుంది.

ఇంటికొచ్చి శివాలెత్తాను. "ఇది స్టాండ్ కాదు మామా, నా ఫోన్‌కు సమాధి."

"వజన్ లేకుంటె అది మాల్ ఎట్లయితది బిడ్డ?" అన్నాడు మెల్లగా. గంజ్ భాషలో వజన్ అంటే బరువు, మాల్ అంటే సరుకు.

దీన్ని చూస్తే గంజ్ మొత్తం నవ్వుతుందన్నాను. నవ్వరన్నాడు. నవ్వుతారన్నాను. అయితే పోయి అడుగుదాం అన్నాడు. మర్నాడు స్కూటర్ మీద ఆయన ముందు, నేను వెనక, నా ఒళ్లో ఆ మొద్దు. దారిలో స్పీడ్ బ్రేకర్లు ఎక్కడెక్కడున్నాయో నా మోకాళ్లకు ఇప్పటికీ గుర్తే.

మేం వెళ్లేసరికి సేఠు భాల్కి ఊరి రైతు ఎవరితోనో వీడియో కాల్‌లో ఉన్నాడు. అవతలి వాడు దోసిట్లో సోయాబీన్ పట్టుకుని చూపిస్తున్నాడు. సేఠు ఫోన్‌ను స్టీలు గ్లాసుకు ఆనించి పెట్టుకున్నాడు. హమాలీలు బస్తాలతో అటూ ఇటూ పోతూ బల్లకు తగిలినప్పుడల్లా అది బోర్లా పడుతోంది, ఈయన తిడుతూ లేపుతున్నాడు. నేను నా సాక్ష్యాన్ని బల్లమీద ధడాలున పెట్టి, వాదన మొదలుపెడదామని గొంతు సవరించుకున్నాను. ఈలోగా సేఠు మా వైపు చూడనైనా చూడకుండా ఫోన్ తీసి అందులో పెట్టేశాడు. మరుక్షణమే ఒక హమాలీ బస్తా బల్ల మూలను గుద్దింది. గ్లాసు దొర్లింది. శాంపిల్ పొట్లాలు కింద పడ్డాయి. ఫోన్ కదల్లేదు. భాల్కి రైతు తన సోయాబీన్ గురించి తాను చెప్పుకుపోతూనే ఉన్నాడు.

సేఠు స్టాండును వేలితో ఒకసారి నెట్టి చూశాడు. కదలకపోయేసరికి అరచేత్తో నెట్టాడు. ఏం కర్ర అని అడిగాడు. మామ చెప్పాడు.

"మంచి వజన్ ఉన్నది. ఇది ఈడ్నే ఉండనియ్."

ఆ మాట మామ పరాయివాళ్ల బస్తాల గురించి ఎన్నిసార్లు విన్నాడో. తన చేతి వస్తువు గురించి వినడం అదే మొదలు. ఆయన చెవులు ఎర్రబడటం చూశాను. తెలివైన పిల్లయితే అక్కడితో నోరు మూసుకునేది.

"ఉండనియ్ అంటే? ఇది నాది," అన్నాను. "మామ నా కోసం చేసిండు." అంటూనే సేఠు ఫోన్ తీసి ఆయన చేతిలో పెట్టి, స్టాండును గుండెకు హత్తుకున్నాను. పాపం ఆ రైతుకు కాసేపు సేఠు కొట్టులో సీలింగ్ ఫ్యాన్ ఒక్కటే కనిపించి ఉంటుంది.

"బిడ్డ, దసర," అన్నాడు మామ నా చెవిలో.

అప్పుడు వెలిగింది. నేను దీన్ని ఇంటికి పట్టుకుపోతే అడిగి తీసుకున్న బయటివాడు లేనట్టే, రంపం పాత సామాన్లోకే. తెలుస్తూనే ఉంది, చేతులు మాత్రం వదలడం లేదు.

"నిన్ననే సమాధి అంటివి గదనే?"

"అంటే ఏమైంది? నా సమాధి, నా ఇష్టం."

సేఠు పడి పడి నవ్వాడు. తనకు వేరేది చేయమన్నాడు, దసరా పూజకు తను కూర్చునే గద్దె మీద ఉండాలన్నాడు, వజన్ ఏమాత్రం తగ్గినా వాపస్ పంపుతానన్నాడు. మామ ఆ రోజే పనిలో దిగాడు. నేను కాల్స్ అన్నీ మేడమీద మాట్లాడుకున్నాను (గురక తగ్గిందా అని మేనేజరు అడిగాడు, మందులు వాడుతున్నారన్నాను). పండగనాడు గంజ్‌లో కాటాకు, బస్తాల కొక్కేలకు, వాటి పక్కన మామ స్టాండుకు కుంకుమబొట్లు, బంతిపూలు. అత్తమ్మ మా మాట నమ్మక స్వయంగా వచ్చి, దాన్ని వేలితో నెట్టి చూసి మరీ ఇంటికెళ్లింది. వరండాలో రంపానికి బొట్టు పెట్టింది. తెల్లారి పాత సామాను వాడు వీధిలో కేకేసుకుంటూ వెళ్తే తలుపు తీయలేదు. ఇక నుంచైనా తేలికగా ఒక్క పీట చెయ్యమంది. మామ చూద్దామన్నాడు. ఇప్పటికీ చూస్తూనే ఉన్నాడు.

నేను హైదరాబాద్ తిరిగొచ్చేశాను. రూములు మారాను, ఫోన్లు మారాయి. మారిన ప్రతిసారీ దాన్ని సామాన్ల ఆటోలో వేయకుండా నా చేతుల్లోనే మోసుకొచ్చాను. అప్పుడప్పుడు ముద్ద నోట్లో పెట్టుకుని, గాడిలో కూర్చున్న ఫోన్ కేసి చూస్తుంటే, తెగిన బ్యాగు పట్టుకుని బస్టాండు ముందు ఏడుపు మొహంతో నిలబడ్డ ఆ పిల్ల గుర్తొస్తుంది. ఎంత కోపమో దానికి. దగ్గరికి వెళ్లి ఆ బ్యాగు కాసేపు మోసిపెట్టాలనిపిస్తుంది.

సరే, బరువే. కాదనను. మరి మీరు మీ ఫోన్ ఆనించుకున్న ఆ ప్లాస్టిక్ ముక్కను ఒక్కసారి గాంధీ గంజ్‌కు తీసుకెళ్లి, హమాలీ నెత్తిన బస్తాతో వస్తుంటే బల్లమీద పెట్టి చూపించే దమ్ముందా మీకు?