మూతకు కట్టిన పసుపు దారం

కర్నూలు బస్సు దిగిన మనిషొకడు కడపలో నా వడ్రంగి కొట్టు ముందు నిలబడి, "మీ బావ పొద్దున్నే పోయినాడప్పా" అన్నాడు. ఉబ్బసం ఎప్పటినుంచో ఉన్నదే. ఈ ఎండలు తగ్గాక వెళ్లి చూద్దాంలే అనుకుంటూ కూర్చున్నాను. ఆఖరి చూపు దక్కింది గానీ మాట దక్కలేదు.

బావ అంటే మా అక్క భర్త. నాకు పనీ, అన్నమూ, తిట్లూ అన్నీ పెట్టినవాడు. కర్నూలు రాజధాని అయిన కొత్తలో ఆఫీసులకు తలుపులు చేయడానికి మమ్మల్నిద్దర్నీ ఆత్మకూరు నుంచి పిలిపించారు. కంట్రాక్టరు మద్రాసు నుంచి చేత్తో పట్టుకుని కోసే కరెంటు రంపం తెప్పించాడు. అది గుర్రుమంటే జనం గుమిగూడేవారు. బావ మాత్రం ముందు దాని ఇనుప మూత చూశాడు. కోసేటప్పుడు అది వెనక్కి జరుగుతుంది, కోత అయిపోగానే స్ప్రింగు లాగితే ముందుకొచ్చి పళ్ల చక్రాన్ని కప్పేస్తుంది. "మన వేళ్లకు ఇదేరా కాపలా" అన్నాడు.

ఇక చూడండి ఆయన చాదస్తం! భుజం మీద తువ్వాలు కనిపిస్తే లాగి పారేసేవాడు. చక్రం మార్చాలంటే ముందు ప్లగ్గు పీకాల్సిందే. చెక్కను మోకాలి మీద పెట్టి కోయబోయినవాడికి ఆ పూట పని లేదు. "దానికి నీ కాలూ ఒకటే, చెక్కా ఒకటేనప్పా" అని అరిచేవాడు. నాకు ఒళ్లు మండేది.

ఆ ఏడు ఆయుధపూజకు అక్క ఉలికీ బాడిసకూ కట్టినట్టే కొత్త రంపానికీ పసుపు దారం కట్టింది. చక్రానికి బొట్టు పెట్టాలని మూత వెనక్కి జరిపి, అది అలా ఉండగానే మూతతో కలిపి పేటలు పేటలుగా చుట్టేసింది. మా ఇళ్లలో ఆ దారం తెంపరు. దానంతట అదే ఊడిపోవాలి.

పండగ అయ్యాక పనిలోకి దిగిన రోజు "బావా, మూత పడటంలేదు" అన్నాను. ఆయన కత్తి తీశాడు, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. "మీయక్క నొచ్చుకుంటాదిరా. ఈ పలక ఒకటి కోసి, నిదానంగా విప్పుతాలే."

కోత ముగిసి ముక్క జారింది. దాన్ని పట్టుకోవడానికి ఆయన ఎడమచేయి అలవాటుగా ముందుకెళ్లింది. చక్రం ఇంకా తిరుగుతోంది. రెండు వేళ్లు పోయాయి.

ఆ నొప్పిలోనే దారం పీకి జేబులో కుక్కుకున్నాడు. "మీయక్కకు చెప్పినావంటే నా మీదొట్టు. నేనే ఏమరపాటుగా ఉన్నానని చెప్పు" అన్నాడు. అలాగే చెప్పాను. అంత జాగ్రత్తపరుడు అజాగ్రత్త మనిషన్న పేరు మోశాడు. తలుపుల మీద తామరపూలు చెక్కే చేయి మళ్లీ ఒక్క పువ్వూ చెక్కలేదు. "ఊరికంతా సుద్దులు చెప్తావు, నీ వేళ్లు మాత్రం పోగొట్టుకుంటివి" అని అక్క దెప్పితే నవ్వి ఊరుకునేవాడు. నేను మాత్రం అక్కడ నిలవలేక లేచిపోయేవాణ్ణి.

రాజధాని హైదరాబాదుకు తరలిపోయినప్పుడు కంట్రాక్టరు ఆ రంపాన్ని బావకే వదిలేశాడు. బావ లేని మొదటి దసరాకు నేను కర్నూలు వెళ్లాను. అక్క పసుపు దారం తెచ్చి వెనక పిడికి మాత్రమే కట్టింది. మూత జోలికి పోలేదు. నేను బిత్తరపోయి చూశాను.

"ఏంరా అట్లా చూస్తాండావు? ఆ పొద్దు ఆయన అంగీ ఉతికింది నేనే గదా. జేబులో నేను కట్టిన దారం నెత్తురంటి ఉండె."

"మరి ఇన్నాళ్లూ ఎందుకు తిడితివక్కా?"

"తిట్టడం మానేస్తే నాకు తెలిసిపోయిందని కనిపెట్టేస్తాడు. నేను ఏడుస్తానని ఆయన దాచిపెట్టె. ఆయన కుమిలిపోతాడని నేను దాచిపెడితి." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఒక్కసారన్నా ఆయనతో నీ తప్పేం లేదని చెప్పింటే బాగుండురా."

అక్క ఊ అన్నాకే ఇదంతా రాస్తున్నాను. ఆ దసరా నాడు ఆ మాట అన్నాక ఆమె రంపం ముందే కూర్చుండిపోయింది. వేలితో మూత వెనక్కి జరిపి వదిలింది. టక్కున మూసుకుంది. మళ్లీ జరిపింది.