ఒక్క మాట మీదికి వచ్చిన రోజు

"...మా నీళ్లు, మా కొలువులు తీస్కపోతిరి, ఇప్పుడు సూదులు గూడ మీ ఆంధ్రోళ్లు చెప్పినట్టే ఏయించుకోవాల్నా, వెంకటరామయ్యా?"

"పసిపిల్లకు వేసే టీకాలో ఆంధ్రా తెలంగాణా ఏముందండీ!"

2013లో చిక్కడపల్లిలోని ఆ ఇంటి అరుగు మీద రోజూ ఇదే గొడవ. వెంకటరామయ్య తెనాలి నుంచి వచ్చి, నారాయణగూడలో ముప్పై ఏళ్లు మందుల షాపు నడిపినవాడు. పై వాటాలో అద్దెకుండేవాడు. ఆయన ఔనన్నదల్లా ఇంటి యజమాని జగన్మోహన్ కాదనేవాడు. ఉద్యమం ముదిరాక మరీనూ. ఆ వారమే పక్క సందులో ఒక బాబు గొంతు మూసుకుపోయి కంఠసర్పి (డిఫ్తీరియా)తో చనిపోయాడు. ఆ జబ్బు రాకుండా జగన్మోహన్ మనవరాలికి ఐదో ఏట వేయాల్సిన టీకా ఇంకా వేయించలేదు.

కోడలు సంజన వెంకటరామయ్యను మెట్ల మీద ఆపింది.

"అంకుల్, రేపు మీరే వద్దనుండ్రి. మామ పంతానికన్నా ఏయిద్దామంటడు."

మర్నాడు ఆయన టీ గ్లాసు చేతిలో తిప్పుతూ, "ఆలోచించానండీ. ఆ టీకా వద్దులెండి, జ్వరాలొస్తాయి," అన్నాడు. షాపు నడిపినన్నాళ్లూ ఆయన నోట రాని మాట అది.

జగన్మోహన్ ఆయన భుజం తట్టాడు.

"ఇన్నేండ్లకు ఒక్క నిజం చెప్పినవన్నా. మందులమ్మినోనివి, నీకు తెల్వదా?"

"అది కాదండీ, నేను..."

"ఇగ మాట మార్చకు."

సంజన తలుపు దగ్గరే నిలబడి ఉంది. జగన్మోహన్ ఆమె వైపు తిరిగాడు.

"ఇన్నవు కదమ్మా. పాపకు సూది ఏయించేది లేదు."