ముప్పై ఒకటో పేజీలో ‘క్లియర్లీ’

కాలేజీలో నాకు సన్మానం ఇంకా ఐదు రోజులు ఉందనగా మా మాస్టారు ఫోన్ చేశారు.

“అమ్మాయ్, నీ కాగితాలు చదివాను. ఒకసారి రాగలవా?”

“ఫోన్‌లో చెప్పకూడదా మాస్టారూ?”

“చెప్పొచ్చు. కానీ అడగాల్సినవి ఏడు ప్రశ్నలున్నాయి. ఫోన్‌లో అయితే నువ్వు నన్ను తొందరపెడతావు.”

ఆయన గణితం మాస్టారు కాదు. గుంటూరులో నేను బీఎస్సీ చదివే రోజుల్లో మా కాలేజీలో ఫిలాసఫీ చెప్పేవారు. ఆ సబ్జెక్టులో చేరేవాళ్ళు ఏటా తగ్గిపోయి, చివరికి ఆయన రిటైరవడంతో ఆ శాఖనే మూసేశారు. మా సైన్సు పిల్లలకి వారానికి ఒక గంట తర్కం చెప్పేవారు. మిగతావాళ్ళు ఆ గంటలో రికార్డులు రాసుకునేవాళ్ళు. నేను మాత్రం వినేదాన్ని. రిటైరయ్యాక అమరావతి దగ్గర సొంత ఊరికి వెళ్ళి మిరప సాగు చూసుకుంటున్నారు.

నేను పొదిలిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో లెక్కలు చెబుతాను. పన్నెండేళ్ళ కిందట ఒక పత్రికలో ఒక వార్త చదివాను. ఎక్కడో కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, పెద్దగా ఎవరికీ తెలియకుండా బతికిన ఒకాయన ప్రధాన సంఖ్యల గురించి ఎన్నాళ్ళుగానో ఎవరికీ లొంగని ఒక విషయం నిరూపించాడట. ఆ వార్త నన్ను పాడు చేసింది. ఆయన చేయగా లేనిది నేను చేయలేనా అనిపించింది.

నేను పట్టుకున్నది కవల ప్రధాన సంఖ్యల్ని. పదకొండు, పదమూడు. పదిహేడు, పంతొమ్మిది. ఇరవై తొమ్మిది, ముప్పై ఒకటి. ఇలా రెండేసి అంకెల దూరంలో పక్కపక్కనే ఉండే ప్రధాన సంఖ్యలివి. ప్రధాన సంఖ్యలకి అంతులేదని గ్రీకు పండితుడొకడు రెండువేల ఏళ్ళకి పైగా కిందటే తేల్చేశాడు. ఆ నిరూపణ ఎంత చిన్నదంటే బోర్డు మీద ఏడెనిమిది వరుసల్లో అయిపోతుంది. ఈ కవలలకి అంతుందో లేదో మాత్రం ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేకపోయారు. అంతులేదని నిరూపించాననుకున్నాను నేను. నలభై నాలుగు పేజీలు.

ఆ మాట స్టాఫ్ రూములో నోరు జారడమే నేను చేసిన పొరపాటు. సాయంత్రానికి ప్రిన్సిపాల్‌కి తెలిసింది, మర్నాటికి కాలేజీ యజమానికి తెలిసింది. మేమంతా ఆయన్ని కరస్పాండెంట్ గారనే అంటాం. పూర్వం పొగాకు వ్యాపారం చేసినాయన, ఏ పనైనా ఆలస్యం చేసే మనిషి కాదు. సభ తేదీ ఖాయం చేశారు, ఎమ్మెల్యే గారిని పిలిచారు. ఆ ఆదివారం మా చర్చిలో పాస్టర్ గారు నా పేరు చెప్పి, దేవుడు మన సహోదరికి జ్ఞానమిచ్చాడని ప్రార్థన చేశారు. అందరూ వెనక్కి తిరిగి నన్ను చూశారు. నేను బైబిల్లోకి చూస్తూ కూర్చున్నాను.

అప్పటినుంచి నాకు ముద్ద దిగలేదు. మా ఆయన అది ఆనందమనుకున్నారు. నాకు తెలుసు అది భయమని. దేనికి భయమో మాత్రం తెలియదు. ప్రతి పేజీ ఇరవైసార్లు చూశాను. తప్పెక్కడా కనబడలేదు. అయినా ఎవరో నా వెనకాల నిలబడినట్టుండేది. అందుకే ఒక కాపీ ఆర్టీసీ పార్సిల్లో మాస్టారికి పంపాను. లెక్కలు తెలిసినవాళ్ళకి పంపడానికి ధైర్యం చాలలేదు.

శనివారం తెల్లవారుతూనే బస్సెక్కాను. దర్శి, అద్దంకి మీదుగా నరసరావుపేట. అక్కడ మారి సత్తెనపల్లి, మళ్ళీ మారి అమరావతి వైపు. దారిపొడుగునా తీతలైపోయిన పత్తి చేలల్లో కట్టె ఎండిపోయి నిలబడి ఉంది. సత్తెనపల్లి దాటాక కల్లాలు మొదలయ్యాయి. రోడ్డుకి రెండు పక్కలా మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. బస్సులో అందరూ వంతులేసుకున్నట్టు తుమ్మారు.

నేను వెళ్ళేసరికి మాస్టారు కల్లం పక్కన రేకుల పంచలో కూర్చుని ఉన్నారు. ఎదురుగా నలుగురు ఆడవాళ్ళు రంగు పోయిన తాలు కాయల్ని ఏరి విడిగా పోస్తున్నారు. నా కాగితాలు ఆయన ఒళ్ళో ఉన్నాయి.

“కూర్చో. మంచినీళ్ళు తాగు. నీ లెక్కలు నాకు సగం కూడా అర్థం కాలేదు, ముందే చెబుతున్నా.”

“మరి ఏం చూశారు మాస్టారూ?”

“మాటలు చూశాను. ‘కాబట్టి’ అన్న ప్రతిచోటా ముందు వాక్యం చదివాను. ‘క్లియర్లీ’ అని రాసిన ప్రతిచోటా చుట్టూ గీత గీశాను. ఏడున్నాయి. మనిషి ఆ మాట ఎప్పుడు వాడతాడో తెలుసుగా?”

“స్పష్టంగా ఉన్నప్పుడు.”

“స్పష్టంగా ఉంటే చెప్పక్కర్లేదు కదా అమ్మాయ్.”

ఒక్కొక్కటే అడిగారు. మొదటిది సులువు, రెండు మాటల్లో చెప్పేశాను. రెండోదానికి కాగితం మీద గీసి చూపించాల్సి వచ్చింది. మూడు, నాలుగు, ఐదు. ప్రతిదానికీ ఆయన “సరే” అని గీత మీద టిక్ పెట్టారు. ఆరోదానికి అరగంట పట్టింది, కానీ నిలబడింది. నా గొంతు కాస్త పెద్దదైంది కూడా. మిరప ఘాటుకి దగ్గుతూనే గెలుస్తున్నాననుకున్నాను.

ఏడోది ముప్పై ఒకటో పేజీలో ఉంది.

“ఇక్కడ జల్లెడ అంటున్నావు. అదేంటో చెప్పు.”

“అంకెలన్నీ వరుసగా రాసుకుంటామండి. రెండు గుణిజాలు కొట్టేస్తాం, మూడు గుణిజాలు, ఐదు, ఏడు... ఇలా ఒక ప్రధాన సంఖ్య దాకా వెళ్ళి ఆగుతాం. అప్పుడు రెండేసి దూరంలో కొన్ని జంటలు కొట్టేయకుండా మిగులుతాయి. ఎంత పెద్ద ప్రధాన సంఖ్య దాకా వెళ్ళినా కచ్చితంగా మిగులుతాయి. ఆ ప్రధాన సంఖ్యలన్నిటినీ హెచ్చిస్తే వచ్చేంత దూరంలో ఎన్ని మిగులుతాయో కూడా చెప్పొచ్చు.”

“మిగిలినవన్నీ నీ కవలలేనా?”

“కాదండి. దూరంగా ఉన్న వాటిని ఇంకా పెద్ద ప్రధాన సంఖ్య ఏదో భాగించొచ్చు. ఆగిన చోట ఉన్న సంఖ్యని దానితోనే హెచ్చిస్తే వచ్చేది ఒక హద్దు. ఆ హద్దు లోపల మిగిలినవి మాత్రం తప్పకుండా కవలలే.”

“హద్దు లోపల ఒక జంటైనా ఉంటుందని ఎలా తెలుసు?”

“అవి మొత్తం వరుసలో సమంగా పరుచుకుని ఉంటాయండి. కాబట్టి...”

“కాబట్టి క్లియర్లీ.”

నేను కాగితం మీదికి వంగాను.

ఆయన పెన్నుతో కల్లం అవతల చేను చూపించారు. “ఎకరానికి ఇన్ని వేల మొక్కలు బతికాయని నేను లెక్క చెప్పాననుకో. గట్టు పక్క మొదటి సాలులో ఒక్క మొక్కైనా ఉందని నీకు తెలిసినట్టేనా?”

“లేదండి. కానీ నేను కంప్యూటర్‌లో చూశాను. కొన్ని కోట్ల దాకా చూశాను మాస్టారూ. ప్రతిసారీ మొదట్లోనే ఉన్నాయి.”

“చూశావు,” అన్నారు ఆయన. అంతే అన్నారు.

ఆ ఒక్క మాటతో పన్నెండేళ్ళు నా కళ్ళ ముందు నిలబడ్డాయి. నేను చూశాను. చూసి చూసి, చూడటాన్నే నిరూపణ అనుకున్నాను. ఎక్కడ ఆ గీత దాటానో నాకే తెలియలేదు. కాగితం తీసుకుని గంటసేపు ఏవేవో రాశాను. ఇలా తిప్పి, అలా తిప్పి. మాస్టారు అడ్డు రాలేదు, లేచి వెళ్ళి తాలు ఏరే వాళ్ళతో మాట్లాడి వచ్చారు. ఆ ఖాళీ పూడేది కాదని ఆ గంటలో తెలిసిపోయింది. అక్కడ కావాల్సింది అసలు సమస్యంత పెద్దది. ముప్పై పేజీలు నడిచి, మళ్ళీ బయలుదేరిన చోటికే వచ్చి, దానికి ‘క్లియర్లీ’ అని పేరు పెట్టుకున్నాను.

“మాస్టారూ, ఇది పోయింది,” అన్నాను.

“పోయిందా? నీకు కచ్చితమేనా? నాకు లెక్కలు రావు సుమా.”

“కచ్చితమేనండి. నేను పిల్లలకి చెప్పే పాఠమే ఇది. ప్రధాన సంఖ్యలు ఎన్ని ఉంటాయన్నదానికి ఒక అంచనా సూత్రం ఉంది. అసలు లెక్క ఎప్పుడూ ఆ అంచనా కంటే కాస్త తక్కువే వస్తుంది. ఇప్పటిదాకా ఎంత దూరం లెక్కపెట్టినా అంతే. అయినా ఎక్కడో ఒకచోట అది తిరగబడుతుందని కిందటి శతాబ్దంలో ఒక ఇంగ్లీషాయన నిరూపించాడు. ఆ చోటు ఎంత దూరమంటే ఇప్పటిదాకా ఎవరూ చూడలేదు. ఏటా బోర్డు మీద ఇది రాసి, చూసినంత మేర నిజమైనది నిజం కాకపోవచ్చు అని చెబుతాను. ఇంటికి వచ్చి ఇది రాసుకున్నాను.”

ఆయన నవ్వలేదు. “మనవాళ్ళు పొగ మీద ఎన్ని వందల ఏళ్ళు కొట్టుకున్నారో చెప్పాను గుర్తుందా? పొగ ఉంటే నిప్పు ఉంటుందని తర్కం పట్టుకున్న నైయాయికులు. నువ్వు లోకంలో ఉన్న పొగంతా చూశావా అని, కంటికి కనబడిందే నమ్మే లోకాయతులు. తర్వాత చాలా కాలానికి స్కాట్లండులో ఒకాయన, రేపు పొద్దు పొడుస్తుందని నీకెవరు చెప్పారని అడిగాడు. పొద్దు విషయంలో మనకి గత్యంతరం లేదు, నమ్మి పడుకుంటాం. మీ గణితంలో ఆ సర్దుబాటు కుదరదు. అందుకే నాకు మీరంటే కొంచెం అసూయ.”

కాగితాలు సర్ది నా చేతికిస్తూ మళ్ళీ అన్నారు. “ఇంకోటి చెప్పు. ఆ కవలలు నువ్వు తయారు చేసినవా, ముందే ఉన్నవా?”

“ముందే ఉన్నాయండి. నేననుకునేది అదే.”

“అయితే నీ సాక్ష్యం కోసం అవేం ఆగిలేవు. ఉంటే ఉన్నాయి. నువ్వు ఓడిపోయావని వాటిలో ఒక్కటి కూడా తగ్గదు.”

ఏడుపు వస్తుందేమోనని ఎదురుచూశాను. రాలేదు. ఆకలి వేసింది. వెనకాల నిలబడిన మనిషెవరో వెళ్ళిపోయినట్టు వీపు తేలికైంది. ఇన్ని వారాలు నేను భయపడింది తప్పుందని కాదు, తప్పుందో లేదో తెలియక. ఇప్పుడు తెలిసింది. మాస్టారి భార్య వేడన్నంలో పండుమిర్చి పచ్చడి వేసి నెయ్యి పోశారు. మూడుసార్లు అడిగి పెట్టించుకున్నాను. “పొద్దున్నుంచి ఏమీ తినలేదా అమ్మా?” అని అడిగారు ఆవిడ. నెల రోజుల నుంచి అన్నాను.

ఇంటికి వచ్చి మా ఆయనకి చెప్పాను. ఆయన చాలాసేపు నా మొహం చూసి, “మరి నువ్వు నవ్వుతున్నావేంటి?” అన్నారు.

సోమవారం పొద్దున్నే కరస్పాండెంట్ గారి గదికి వెళ్ళాను. బల్ల మీద ఫ్లెక్స్ బ్యానర్ చుట్ట ఉంది.

“రండి మేడమ్. ఎమ్మెల్యే గారు పదకొండింటికల్లా వచ్చేస్తానన్నారు.”

“సార్, ఆ నిరూపణలో తప్పుంది. నిలబడదు.”

ఆయన కళ్ళజోడు తీశారు. “చిన్న తప్పా? దిద్దుకోవచ్చా?”

“లేదండి. మొత్తం పోయింది.”

“ఎవరు పట్టుకున్నారు?”

“మా మాస్టారు అడిగారు. అడిగితే నాకే దొరికింది.”

“ఆయన అడక్కపోయుంటే ఎవరికీ తెలిసేది కాదా?”

“తెలిసేదండి. తెలిసినవాళ్ళు చూస్తే ఒక్క పూటలో పట్టేస్తారు.”

“అంటే పేపర్లో పడ్డాక.”

“అవునండి. సభ అయ్యాక.”

ఆయన కుర్చీలో వెనక్కి వాలి పెద్ద ఊపిరి వదిలారు. కోప్పడతారనుకున్నాను. “అయితే గండం నుంచి బయటపడ్డాం మేడమ్,” అన్నారు. “ఎమ్మెల్యే గారికి నేను చెప్పుకుంటాలెండి. కానీ సభ మానొద్దు. పిల్లలు ఆశపడ్డారు. మీరు ఏదోటి మాట్లాడండి.”

“ఏం మాట్లాడనండి?”

“అదే మాట్లాడండి. ఎక్కడ తప్పారో చెప్పండి. రోజూ వాళ్ళ తప్పులు మనం చెబుతాంగా.”

సన్మానం అనుకున్న రోజునే, బ్యానరూ దండలూ లేకుండా, నేను ఆ ముప్పై ఒకటో పేజీ దాకా మొత్తం దారి చెప్పాను. ప్రధాన సంఖ్యలకి అంతులేదన్న గ్రీకు నిరూపణతో మొదలుపెట్టాను. జల్లెడ బోర్డు మీద వేశాను. ‘క్లియర్లీ’ దగ్గరికి వచ్చి ఆగి, ఇందులో ఏముందో చెప్పండి అన్నాను. పది నిమిషాలు పిల్లలు నోట్సుల్లో లెక్కలు వేసుకున్నారు. మూడో వరుసలో ఫస్టియర్ అమ్మాయి ఒకతి లేచింది. క్లాసులో ఎప్పుడూ నోరు విప్పని పిల్ల.

“మేడమ్, అవి మొదట్లోనే ఎందుకుండాలి? అన్నీ చివర ఉండకూడదా?”

నాకు పన్నెండేళ్ళు పట్టింది, ఆ అమ్మాయికి పది నిమిషాలు. సిగ్గుపడాల్సిన మాటే. కానీ హాయిగా అనిపించింది, నిజం.

“ఉండొచ్చు. ఉండకూడదని చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు,” అన్నాను.

“అయితే మేడమ్, అవి ఎక్కడో అయిపోతాయా, అయిపోవా?”

“తెలియదు.”

“మీకు తెలియదా, ఎవరికీ తెలియదా?”

“ఎవరికీ.”

ఆ అమ్మాయి తలూపి కూర్చుని నోట్సులో ఏదో రాసుకుంది. తర్వాత ప్రశ్నలు ఒకదాని మీద ఒకటి వచ్చాయి. గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

ఆదివారం చర్చి అయ్యాక పాస్టర్ గారి దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాను. ఆయన నిజంగానే ఇబ్బంది పడ్డారు. “దేవుడికి కృతజ్ఞతలు చెప్పేశాం కదమ్మా. ఇప్పుడెలా?”

“ఇంకోసారి చెప్పండి పాస్టర్ గారూ. ఈసారి ఇంకొంచెం ఎక్కువ చెప్పండి,” అన్నాను. ఆయన సరేనమ్మా అన్నారు.

ఆ మధ్యాహ్నం మా ఆయనా నేనూ ఒంగోలు వెళ్ళి, అక్కణ్ణుంచి కొత్తపట్నం సముద్రం దగ్గరికి పోయాం. చాలా ఏళ్ళుగా ఆదివారాలన్నీ నేను బల్ల దగ్గరే గడిపాను. ఇసుకలో చెప్పులు విడిచి కూర్చున్నాం. వేయించిన చేపలు కొనుక్కుని తిన్నాం. చాలాసేపటి తర్వాత ఆయన నా వైపు తిరిగి, “ఏం ఆలోచిస్తున్నావు?” అని అడిగారు.

“ఏమీ లేదండి,” అన్నాను. అది అబద్ధం కాదు.