ఫోటోలో నా అంత కంత

నా చిన్నప్పుడు నేనెంత అందగాడినో చెబితే మీరు నమ్మరు. నమ్మకపోయినా మీరు చేయగలిగింది లేదు, కాదని చూపడానికి ఒక్క ఫోటో కూడా మిగల్లేదు. పాలపళ్లు ఊడకముందే గూడూరు అడవిలో ఎలుగుబంటి చెవి పట్టుకుని ఊరి పొలిమేర దాకా నడిపించుకొచ్చానని మా మనుమరాలికి చెబుతుంటాను. అది నోరు తెరుచుకుని వింటుంది. మా బిడ్డ పక్కనుంచి సెల్‌ఫోన్ ఎత్తి ఆ తెరిచిన నోటిని ఫోటో తీస్తుంది. పిల్ల ముద్ద మింగితే ఫోటో, ఉమ్మేస్తే ఫోటో, ఎడమ చెప్పు కుడికాలికి వేసుకుంటే ఇంకో రెండు. పాపం, ఈ పిల్ల పెద్దయ్యాక ఒక్క ఎలుగుబంటిని కూడా చెప్పుకోలేదు. రుజువులన్నీ తల్లి ఫోన్‌లో ఉన్నాయి.

నా సంగతి వేరు. మా ఇంట్లో ఫోటోలు లేక కాదు. వాటిలో నేను లేను.

మాది నెల్లికుదురు దగ్గర పల్లె. మా నాయిన తమ్ముడు, అంటే మా చిన్నబాపు, భూపాలపల్లిలో బొగ్గుబాయి పనికి కుదిరాడు. ఒక ఎండాకాలం మెడలో కెమెరా వేలాడేసుకుని, భార్యాబిడ్డలతో ఊరికి వచ్చాడు. అంతవరకు మా వైపు ఫోటో దిగడమంటే కొత్తబట్టలు తొడుక్కుని, ఊపిరి బిగబట్టి, కుర్చీలో కూర్చోవడమే. చిన్నబాపు మాత్రం "కట్టెల్లెక్క నిలవడకుండ్రి. ఎవల పని వాళ్లు జేస్కోండ్రి. నేను లేననుకోండ్రి" అన్నాడు. అమ్మ బర్రెకు కుడితి కలుపుతుంటే తీశాడు. నాయిన కొడవలి నూరుతుంటే తీశాడు. మా అక్క చిన్నబాపు కూతురిని ఒళ్లో పడుకోబెట్టుకుని పేలు చూస్తుంటే తీశాడు. నాయినమ్మ అరుగు మీద చింతపండు కొట్టి గింజలు తీస్తుంటే, ఆ సుత్తె గాల్లో ఉండగానే పట్టేశాడు.

కెమెరా ఎటు తిరిగితే నేను అటు ఉన్నాను. నాకంటే ముందు నాయినమ్మ చెయ్యి ఉండేది. నా జబ్బ పట్టి పక్కకు గుంజేసి, "జరుగుర పెంటిగా! నిన్నెవలు రమ్మన్నరు? గిది మా ఇంటోళ్ల ఫోటో" అనేది. ఇంటోళ్ల అన్న మాటను పళ్లతో కొరికి మరీ అనేది.

బడిలో నాకు మంచి పేరే ఉంది. ఇంట్లో మాత్రం పెంటిగాణ్ని. పండుగకు అక్కకు కొత్త గౌను, నాకు దాని పాత గౌను చింపి కుట్టిన లాగు. ఎవరైనా "పోరడు మస్తుగున్నడు" అంటే చాలు, నాయినమ్మ వాళ్ల కళ్లముందే నా నెత్తి మీద మొట్టి, "యాడున్నడు మస్తుగ? తుమ్మమొద్దు. చాటెడు తౌడుకు కొన్నం. తౌడు దండుగ" అనేది. తౌడుకు కొన్నామని పిల్లల్ని ఏడిపించని ఇల్లు లేదు. కాకపోతే మిగతా ఇళ్లలో ఆ మాట అన్నాక అందరూ నవ్వుతారు, పిల్లాణ్ని దగ్గరకు తీసుకుంటారు. మా ఇంట్లో ఎవరూ నవ్వేవారు కాదు. అందుకే నేను నమ్మాను.

నమ్మాను కాబట్టే ఆ రోజు నాకు ఫోటో అంత అవసరమైంది. ఒక్కదాంట్లో పడితే ఇంటివాణ్ని. పడకపోతే తౌడుకు వచ్చినవాణ్ని. వడ్లగుమ్మి చాటున నక్కాను, దొరికిపోయాను. బర్రె పొట్ట కింద నుంచి తల పెట్టాను. బర్రె కూడా నాయినమ్మ పక్షమే, తోకతో మొహం మీద కొట్టింది. ఆ దెబ్బకు నేను ఎగిరి కల్లంలో పడ్డానని మనుమరాలికి చెబుతాను. నిజానికి పడింది పేడలోనే.

మధ్యాహ్నం అన్నాల వేళ, ఆరబెట్టిన చింతపండు మీదికి మేక వచ్చిందని నాయినమ్మ కర్ర తీసుకుని బయటికి ఉరికింది. లోపల అమ్మ ఒకే గిన్నెలో కలిపి అక్కకూ చిన్నబాపు కూతురికీ ముద్దలు పెడుతోంది. చిన్నబాపు కెమెరా ఎత్తాడు. నేను అమ్మ చంక కింద నుంచి దూరి మధ్యలో కూర్చున్నాను. అమ్మ ఒకసారి గుమ్మం వైపు చూసింది. ఒక ముద్ద నా నోట్లో కూడా పెట్టింది. క్లిక్కుమంది. చిన్నబాపు నన్ను చూసి, పెదాల మీద వేలు పెట్టుకున్నాడు.

బతుకమ్మ పండుగకు ఆయన ఫోటోలు కడిగించుకుని వచ్చాడు. అందరూ చుట్టూ చేరి చేతులు మార్చుకుంటూ చూస్తున్నారు. నేను నాది వెతికి పట్టుకున్నాను. బుగ్గలో ముద్ద, గదవ మీద మెతుకులు, చెవుల దాకా నవ్వు. "నేను పడ్డ! నేను గూడ పడ్డ!" అని గెంతాను. నాయినమ్మ నా చేతిలోంచి అది లాక్కుంది. చూసింది. లోపలికి వెళ్లి కత్తెర తెచ్చింది.

కోపంతో చింపలేదు. చింపినా బాగుండేది. రవిక గుడ్డ కత్తిరించినట్టు, అక్క భుజానికి తగలకుండా, అమ్మ కొంగు తెగకుండా, నా చుట్టూ నింపాదిగా కత్తెర తిప్పింది. ఊడివచ్చిన నన్ను పొయ్యిలో వేసింది. ముందు నవ్వు నల్లబడింది, తరువాత చెవులు ముడుచుకున్నాయి. నేను చూస్తూ నిలబడ్డాను.

"అవ్వా, పిస లేశిందా నీకు? పోరడు సూస్తుండు" అని చిన్నబాపు అరిచాడు.

"సూడనియ్యి. ముద్దొస్తున్నరని మానుకోటకు ఎత్తుకపోయి ఇద్దర్ని ఫోటో దింపినం. యాడున్నరురా ఇద్దరు? జెప్పు."

అమ్మ లేచి పెరట్లోకి వెళ్లిపోయింది.

తరువాత అక్క నన్ను కొట్టం వెనక్కి తీసుకుపోయి, బడిలో పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. "నీకంటె ముంగట ఇద్దరు తమ్ముళ్లు పుట్టిండ్రు. ఫోటోలు దిగినంక సచ్చిపోయిండ్రు. నువ్వు పుట్టంగనే నిన్ను పెంటకుప్ప మీద పండబెట్టిండ్రు. పక్కింటి అవ్వ ఏరుకొని, తౌడుకు మల్ల మనకే అమ్మింది. నువ్వు మనకు అక్కరలేదని సావు అనుకోవాలెనంట."

"అయితే తౌడు నిజమేనా?" అని అడిగాను.

"నిజమే" అంది అక్క.

నేను ఈ ఇంట్లో పుట్టినవాణ్నే అని తెలిసింది. పరుగెత్తుకుని నాయినమ్మ దగ్గరికి పోయాను. నాకు సంగతి తెలిసిపోయింది కదా, ఇక దాచేదేముంది, దగ్గరకు తీసుకుంటుంది అనుకున్నాను. ఆమె కత్తెరను కొంగుతో తుడుస్తోంది. "ఏంది సూస్తున్నవ్? బర్రెకు నీళ్లు ఎవలు వెడ్తరు, మీ తాతనా?" అంది.

ఆ తరువాత కూడా మారలేదు. నాకు మీసాలు వచ్చాయి, పెళ్లయింది, బిడ్డ పుట్టింది, నేను పెంటిగాణ్నే. ఆమె మంచాన పడ్డప్పుడు పక్కనే ఉన్నాను. పెదాలు కదిలాయి. ఇప్పుడైనా నా అసలు పేరు పలుకుతుందేమోనని చెవి దగ్గర పెట్టాను. "జరుగుర, గాలాడ్తలేదు" అంది. ఆమె నాతో అన్న చివరి మాట అదే.

ఎందుకు చేసిందో నాకు ఆ రోజే అర్థమైంది. అర్థమైతే నొప్పి తగ్గుతుందని పెద్దలు అంటారు. నాకంటే పెద్ద అబద్ధాలకోరులు వాళ్లు. ఇప్పటికీ మా బిడ్డ ఫోన్ ఎత్తితే చాలు, నన్నెవరో జబ్బ పట్టి గుంజినట్టు ఒళ్లు పక్కకు జరుగుతుంది. ఇంటి ఫోటోలన్నిటిలో నా మోచెయ్యి ఒక్కటే ఉంటుంది. మొన్న ఎవరో మా మనుమరాలిని చూసి బంగారుబొమ్మ అన్నారు. "యాడిది బంగారం? తుమ్మమొద్దు" అనేశాను. పిల్ల మొహం ముడుచుకుంది. బిడ్డ నాతో రెండు పూటలు మాట్లాడలేదు. సంజాయిషీ ఏం చెప్పను? అన్నది నేను కాదు, మా నాయినమ్మ.

కత్తిరించిన ఆ ఫోటోను అమ్మ పారేయనివ్వలేదు. అట్ట మీద అతికించి ఫ్రేము కట్టించింది. ఇప్పుడు మా గోడకు ఉంది. మధ్యలో నా అంత కంత. మనుమరాలు దాని మీద వేలు పెట్టి, "తాతా, గీడ ఎవలుండె?" అని అడుగుతుంది. ఎలుగుబంటి ఉండేదని చెబుతాను, నమ్ముతుంది. కానీ పిల్ల కళ్లు చురుకు. "మరి గీ అవ్వ చెయ్యేది?" అంది నిన్న.

ఫోటోలో మా అమ్మ ఎడమచెయ్యి మణికట్టు దాకే ఉంటుంది. ఆ పైన అట్ట. క్లిక్కుమన్నప్పుడు ఆ చెయ్యి నా నెత్తి మీద ఉంది. వేళ్లు నాతోపాటే పొయ్యిలోకి పోయాయి.