చిన్నమ్మ కొంగుకు అంటిన నూనె

చెప్పాల్సిన మాట ఒకటి నేను ఏడేళ్ల వయసులో చెప్పలేదు. కాలేజీలో చేరాక చెప్పలేదు, ఉద్యోగం వచ్చాక చెప్పలేదు, పిల్లలకు పెళ్లీడు వచ్చాక కూడా చెప్పలేదు. నేను నోరు మూసుకున్నందువల్ల మా చిన్నమ్మ, అంటే చిన్నాయన భార్య, తాను చేయని తప్పును నలభై ఏళ్లకు పైగా మోసింది. దాన్ని ఇప్పుడైనా సరిచేయాలని ఇది రాస్తున్నాను.

పోయిన నెల పటాన్‌చెరులో బొంబాయి రోడ్డు మీద కొత్తగా పెట్టిన హోటల్‌కు ఇంటిల్లిపాదీ వెళ్లాం. నా చెల్లెలి మనవడికి మూడేళ్లు. వాడు దోసెను చూసి ముఖం తిప్పుకున్నాడు. పూరీని వేలితో పొడిచి, గాలి పోగానే ఏడుపు లంకించుకున్నాడు. తల్లి బతిమాలింది, తండ్రి కళ్లెర్రజేశాడు, సర్వర్ పాపం చెంచాతో గ్లాసు మోగించి చూశాడు. బల్ల చివర కూర్చున్న చిన్నమ్మ పూరీని చిన్న ముక్కలుగా తుంచి ప్లేటు అంచున వరుసగా పెట్టి, "బస్సు పోతున్నది, ఎవలెక్కుతరు జల్దీ రాండ్రి" అంది. వాడు ఏడుపు మధ్యలోనే ఆపి నోరు తెరిచాడు. చిన్నమ్మ చేయి వాడి నోటిదాకా వెళ్లింది. అప్పుడు నా చెల్లెలు "నువ్వు తిను చిన్నమ్మా, నేను పెడ్త" అని నవ్వుతూనే వాణ్ణి తన ఒళ్లోకి లాక్కుంది. చిన్నమ్మ ఆ ముక్కను తన నోట్లోనే వేసుకుంది. ఎందుకలా జరిగిందో మా ఇంట్లో అందరికీ తెలుసు. చిన్నమ్మ చేయి మంచిది కాదని నా చెల్లెలి నమ్మకం. ఆ నమ్మకం ఎక్కడ పుట్టిందో మాత్రం బల్ల దగ్గర ఇద్దరికే తెలుసు. ఆ ఇద్దరిలో ఒకడు తల దించుకుని పూరీ తింటున్నాడు.

హైదరాబాద్ రాష్ట్రం ఇంకా ఉన్న రోజులవి. పటాన్‌చెరు అప్పుడు ఊరే. ఇప్పుడు మందుల ఫ్యాక్టరీల పొగ కనిపించే వైపంతా జొన్న చేలు ఉండేవి. ఇంట్లో రాజ్యం నాయనమ్మది. రోజూ జొన్నరొట్టే, వరి అన్నం పండగకో చుట్టం వస్తేనో. పిల్లల్లో పెద్దవాణ్ణి నేను, నాలుగేళ్ల తమ్ముడు, రెండేళ్ల చెల్లెలు. తమ్ముడికి తెల్లగా ఉన్నదే తిండి. పాలు, పెరుగు, అన్నం తప్ప పసుపు రంగు కనిపిస్తే వాడు పళ్లు బిగించేవాడు. నా సంగతి ఇంకా విచిత్రం. వంటింట్లో ఆవాలు చిటపటమన్న చప్పుడు వినకపోతే నాకు ఆకలి వేసేది కాదు. "వీడు నోటితోని కాదే, చెవులతోని తింటడు" అని నాయనమ్మ వచ్చేపోయే వాళ్లందరికీ చెప్పి నవ్వేది.

చిన్నమ్మ ఇరవై ఏళ్లు నిండకుండానే సంగారెడ్డి నుంచి ఆ ఇంటికి కోడలిగా వచ్చింది. ఏడో తరగతి చదివింది. మా ఇంట్లో పిల్లల తిండి గురించి అప్పటిదాకా ఉన్న పద్ధతి ఒక్కటే: తింటే తిను, లేకుంటే దెబ్బ తిను. చిన్నమ్మ వచ్చిన నెలలోపే ఎవరికి ఏం కావాలో పట్టేసింది. తమ్ముడి రొట్టెను పాలలో నానబెట్టి తెల్లగా చేసేది. నాకు రొట్టె అంచును పొయ్యి నిప్పుల మీద మళ్లీ కాల్చి కరకరలాడించి ఇచ్చేది. "చప్పుడే గద కావాల్సింది, ఇగ తిను" అనేది. పిల్లలు మొండివాళ్లని ఆమె ఎన్నడూ అనుకోలేదు. ఒక్కొక్క నాలుకకు ఒక్కొక్క తాళంచెవి ఉంటుందని, వెతికితే దొరుకుతుందని అనుకునేది. తర్వాత నేను చాలామంది తెలివైనవాళ్లను చూశాను. అంత ఓపిక ఉన్న తెలివి మళ్లీ చూడలేదు.

ఆ ఎండాకాలం చెల్లెలికి అమ్మవారు పోసింది. ఒళ్లంతా పొక్కులు. గుమ్మానికి వేపమండలు కట్టారు. తల్లికి నీళ్లు పోసి సాగనంపేదాకా ఇంట్లో పోపు పెట్టకూడదు, నూనెలో ఏదీ వేయించకూడదు, మాంసం మాట ఎత్తకూడదు. ఇంటివాళ్లు బయట కూడా అలాంటివి తినకూడదు. తింటే లోపలున్న బిడ్డ మీద తల్లి ఆగ్రహం చూపుతుందని భయం. నాయనమ్మను ఇందులో తప్పుపట్టను. ఆమె కన్నవాళ్లలో ఇద్దరు అమ్మవారితోనే పోయారు. మా అమ్మ చెల్లెలి మంచం వదలకుండా వేపాకుతో విసురుతూ కూర్చునేది. వంటింట్లో చప్పుడు ఆగిపోయింది. చప్పటి పప్పు, పెరుగు, రొట్టె. తమ్ముడికి అది స్వర్గం. నేను వారంలో సగమయ్యాను.

అంతలో తమ్ముడి చెవిలో చీము పట్టింది. సంగారెడ్డి దవాఖానకు తీసుకుపోవాలి. నాయన, చిన్నాయన ఇద్దరూ ఊళ్లో లేరు. ఆ ఊరు తెలిసింది చిన్నమ్మకే కాబట్టి మమ్మల్నిద్దరినీ ఆమెతో పంపారు. నాయనమ్మ గడప దాటనివ్వకుండా ఆమె చేయి పట్టుకుని, "బయట నూనెవి ముట్టనియ్యకు పిల్లా. లోపల తల్లి ఉన్నది, యాదికుంచుకో" అంది. "ముట్టనియ్య అత్తమ్మా, ఒట్టు" అంది చిన్నమ్మ.

దవాఖానలో చెవి కడిగించుకుని బయటికొచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. తమ్ముడు ఏడ్చి ఏడ్చి ఎక్కిళ్లు పెడుతున్నాడు. బస్టాండు దగ్గర ఉడిపి ఆయన నడిపే హోటల్ ఒకటి ఉండేది. ఆడవాళ్లు హోటల్లో తినడం అప్పుడు వింత. పిల్లలతో వచ్చే ఆడవాళ్ల కోసం వెనక ఒక పరదా, దాని వెనక రెండు బల్లలు. చిన్నమ్మ కొంగు తలమీద కప్పుకుని, బెదురు లేకుండా నడిచి పరదా వెనక కూర్చుంది. మగతోడు లేకుండా అలా వచ్చినావిడను ఆ సర్వర్ బహుశా మొదటిసారి చూశాడు.

"నాలుగు ఇడ్లీ తే అన్నా. పోపు లేని చట్నీ ఉన్నదా?"

"పోపు లేకుంటే అది చట్నీ ఎట్లైతదమ్మా? సాంబారు పోస్తా."

"అండ్ల కూడ పోపుంటది గద. చట్నీ వద్దు, సాంబారు వద్దు. గింత పెరుగు, గింత చక్కెర తే."

"ఇడ్లీల చక్కెరా!" అని అతడు నవ్వాడు.

"మా ఇంట్ల తల్లి ఉన్నది" అంది చిన్నమ్మ. అతడి నవ్వు ఆగిపోయింది. వెంటనే వెళ్లి, కడిగిన ఆకుల్లో ఇడ్లీలు, వేరే గిన్నెలో గడ్డపెరుగు తెచ్చాడు.

తమ్ముడు ఇడ్లీని చూసిన చూపు నాకిప్పటికీ గుర్తు. అంత తెల్లటి తిండి లోకంలో ఉందని వాడికి తెలియదు. విరిచి పెడితే పాడైందని ఏడుస్తాడని చిన్నమ్మ ఇడ్లీని ముట్టుకోకుండా వాడి రెండు చేతుల్లో పెట్టింది. వాడు చందమామను కొరికినట్టు చుట్టూ కొరుక్కుంటూ వచ్చి, ముఖమంతా చక్కెర, పెరుగు పూసుకున్నాడు. చిన్నమ్మ ఒక్క ఇడ్లీ కూడా తినలేదని తర్వాత లెక్క గుర్తొచ్చి తెలిసింది. వాడికి రెండు, నాకు రెండు.

వాడి ముఖం కడగడానికి చిన్నమ్మ దొడ్లోకి తీసుకెళ్లింది. పరదా సందులోంచి నాకు కడాయి కనిపిస్తోంది. మిరపకాయ బజ్జీలు వేస్తున్నారు. పది రోజులుగా వినని చప్పుడు. నేను వెళ్లి దాని ముందు నిలబడ్డాను. ఆ సర్వర్ మంచివాడు. నా ముఖం చూసి ఒక బజ్జీని కాగితంలో చుట్టి చేతిలో పెట్టి, "జల్దీ తిను, అమ్మ వస్తది" అన్నాడు. ఒక్క బుక్కలో తిన్నాను. నాలుక కాలిపోయింది.

"ఏందిరా, కండ్లల్ల నీళ్లు?" అంది చిన్నమ్మ వచ్చి.

"ఇడ్లీ వేడిగున్నది."

ఇడ్లీ ఎప్పుడో చల్లారింది. ఆమె నన్ను ఒక క్షణం చూసి, గిన్నెలో మిగిలిన చక్కెర నా నాలుక మీద వేసింది. నేను అలవాటుగా వేళ్లు ఆమె కొంగుకు తుడుచుకున్నాను.

సాయంత్రం ఇల్లు చేరేసరికి చెల్లెలి ఒళ్లు పెనంలా కాలుతోంది. మూలుగుతూ కళ్లు తేలేస్తోంది. నాయనమ్మ ఎదురొచ్చింది. ఆమె కంటికి ముందు కనిపించింది చిన్నమ్మ కొంగు. దాన్ని పట్టి లాగి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"వాము వాసన. నూనె. ఏం తిన్నవే?"

చిన్నమ్మ కొంగును చూసుకుంది. తర్వాత తలుపు చెక్క పట్టుకుని నిలబడ్డ నన్ను చూసింది. నేను నేలను చూశాను.

"ఆకలైంది అత్తమ్మా. నేనే తిన్న."

నాయనమ్మ అరవలేదు. అరిచినా బాగుండేది. "బిడ్డ పానం కంటె నీ నాలికె ఎక్కువైందా?" అని మాత్రం అంది. చెల్లెలికి నీళ్లు పోసేదాకా చిన్నమ్మకు అరుగు మీదే పడక, వేరే చెంబు. ఆమె చేతి ముద్ద పిల్లలెవరికీ లేదు. చెల్లెలు బతికింది. ఎడమ చెంప మీద, కనుబొమ్మ దగ్గర గుంటలు మిగిలాయి. అవి కనిపించినప్పుడల్లా నాయనమ్మ కథ చెప్పేది. పెళ్లిళ్లలో "బజ్జీల కోడలు" అని వదినలు ఆటపట్టించేవారు, చిన్నమ్మ వాళ్లతో కలిసి నవ్వేది. చెల్లెలు మాత్రం నవ్వేది కాదు. ఆ కథ వింటూ అద్దం చూసుకుంటూ పెరిగింది. తన పిల్లలకు గానీ మనవడికి గానీ చిన్నమ్మ చేత ఒక్క ముద్ద పెట్టనివ్వలేదు.

నేను సైన్సు చదివి గడ్డపోతారంలో మందుల ఫ్యాక్టరీలో చేరాను. బజ్జీకి, పొక్కులకు సంబంధం లేదని నాకు తెలుసు. ఆ తెలివినే సాకుగా వాడుకున్నాను. తిన్నందుకు ఏమీ కానప్పుడు తిన్నానని చెప్పడం ఎందుకు అనుకున్నాను. ఏమీ కాలేదా? హోటల్ బల్ల దగ్గర ఆమె చేయి వెనక్కి వెళ్లడం చూశాక ఆ సాకు చెల్లలేదు.

ఆ ఆదివారమే, చిన్నమ్మ ఇప్పుడు ఉంటున్న సంగారెడ్డికి వెళ్లాను. చిన్నమ్మ అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. చెప్పాను. ఆమె తల ఎత్తలేదు.

"నాకెరుక లేదారా? కాలిన నాలికె నీది."

"మరి నీ మీదెందుకు ఏసుకున్నవ్ చిన్నమ్మా?"

"ఏడేండ్ల పోరనివి. ఆ పిల్లకేమన్న అయితే, నా చెల్లెను నేనే సంపిన అనుకుంట బతుకుతుంటివి. నేను పెద్దదాన్ని, ఓర్సుకుంట అనుకున్న." గింజలు పక్కకు తోసింది. "గిన్నేండ్లు ఓర్సుకోవాల్నని ఎరుక లేకపాయె. నాకు చెప్తే ఏమొస్తది? దానికి చెప్పు."

ఇద్దరం బస్సెక్కి పటాన్‌చెరు వచ్చాం. చెల్లెలు వంటింట్లో ఉంది. గడపలో నిలబడే చెప్పాను, సర్వర్ దగ్గర నుంచి కొంగు దాకా. చెల్లెలు గరిటె పట్టుకుని అలాగే విన్నది. చివరికి, "నేను ఈమెను ఎన్ని మాటలంటి, అన్నా! నువ్వు పక్కనే కూసుంటివి గద" అంది. చిన్నమ్మ వైపు చూడలేక స్టవ్ వైపు తిరిగింది.

కాలం గడిస్తే ఇలాంటివి వాటంతట అవే అరిగిపోతాయని నలభై ఏళ్లు ఎదురుచూశాను. కాలం ఏదీ అరగదీయలేదు. మా ముగ్గురికీ వయసు పెంచి, అదే గడప ముందు నిలబెట్టింది. నేను వంగి చిన్నమ్మ రెండు చేతులూ పట్టుకున్నాను.

"తిన్నది నేను. దాసిపెట్టింది నేను. తప్పయింది చిన్నమ్మా, నన్ను మాఫ్ చెయ్యి."